పార్కుకు మూడు స్టార్లు, గోడ అవతలి స్థలానికి అయిదు

రోజూ పొద్దున్నే నడిచే మా పార్కుకు మూడు స్టార్లే ఇస్తున్నాను. చెట్లు బాగున్నాయి, బెంచీలూ శుభ్రమే. జాగానే చాలదు. రెండో చుట్టు పూర్తికాకుండానే పిల్లల బంతి మోకాలికి తగులుతుంది. తిట్టబుద్ధి కాదు, పాపం వాళ్లు మాత్రం ఎక్కడ ఆడుకుంటారు?

గోడ అవతలే పెద్ద ఖాళీ స్థలం. వాననీళ్లన్నీ అందులోనే ఇంకుతాయి. రేపు అక్కడ కాంక్రీటు పోస్తే ఆ నీళ్లు మన ఇళ్లలోకే. పురపాలక సంఘం దాన్ని ఇప్పుడే కొనాలి. డబ్బుల్లేవంటారా? ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ పట్టణం ప్రజాధనంతో 226 ఎకరాలు కొని, కొంత ఇళ్లకు అమ్మి, మిగతాది 1847లో పార్కుగా తెరిచింది.

స్థలం రిజిస్ట్రేషన్ రోజున నాలుగో స్టారు, గోడ కొట్టేసిన రోజున అయిదోది వేస్తాను.