నెమలికంఠం రంగు పిస్టల్‌తో ఎనిమిదేళ్లు

నా ఎయిర్ పిస్టల్‌లో గాలి నింపే సిలిండర్ నెమలికంఠం రంగు. పట్టుచీరల కొట్లో మడత విప్పి వెలుతురుకి అటూ ఇటూ తిప్పితే కాసేపు నీలంగా, కాసేపు ఆకుపచ్చగా కనిపించే రంగు ఉంటుంది చూడండి, దాదాపు అదే. 2017లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆరోజు నా ముందు రెండు పిస్టళ్లు పెట్టారు. ఒకటి నిలువెల్లా నలుపు, ధర కూడా ఐదు వేలు తక్కువ. రెండోది ఇది. వెండి రంగు బాడీ, నెమలికంఠం సిలిండర్, వంకాయ రంగు పొరల చెక్క గ్రిప్పు, అంటే పిడి. లోపలి మెషీన్ రెండింటిదీ ఒకటే, వయసూ దగ్గర దగ్గరే. నాకు గన్ పట్టుకోవడం నేర్పిన కోచ్ గారు మాత్రం, "నల్లది తీసుకోమ్మా, రంగులు చూసుకుంటూ కూర్చుంటే గురి పోతుంది" అన్నారు. ఆయన మీద గౌరవం ఉన్నా రంగుదే తీసుకున్నాను. ఎనిమిదేళ్లయింది. ఆయన మాటలో సగం నిజమని తెలిసింది. ఏ సగమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు కొంచెం సమాచారం. ఇది 10 మీటర్ల పోటీ పిస్టల్, బోరు, అంటే గొట్టం లోపలి రంధ్రం, 4.5 మి.మీ. అరగ్రాము బరువుండే సీసపు పెల్లెట్‌ని గాలి ఒత్తిడితో వదులుతుంది. పెల్లెట్ శక్తి ఆరు జౌళ్ల దగ్గర ఉంటుంది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. బోరుతో 20 జౌళ్లు దాటని ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది మెషీన్ గురించి కాదు. మోరిని, స్టెయర్, వాల్తర్, పర్దిని, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటి పెద్ద కంపెనీల పిస్టళ్లు ఏవైనా నాలాంటివాళ్ల చేతికి ఎక్కువే. పదిలో తొమ్మిది తప్పులు చేతివే.

మాది విజయనగరం. మేడ మీద పొడుగాటి వరండా ఉంది. టేపు పెట్టి కొలిస్తే గోడ నుంచి గోడకి పదకొండు మీటర్లు. అదే నా రేంజ్. స్కూల్ నుంచి వచ్చి, టీ తాగి, సాయంత్రం గంటసేపు అక్కడే ఉంటాను. రోజూ పెల్లెట్లు కాల్చను. ఎక్కువ భాగం డ్రై ఫైరే. అంటే ఖాళీ గన్‌ని తెల్లగోడ వైపు పట్టుకుని, గురి చూసుకునే సైట్లు కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం. చూసేవాళ్లకి ఏమీ జరగనట్టే ఉంటుంది, చేసేవాళ్లకి మహా విసుగు. అయినా పోటీలో నిలబెట్టేది ఆ విసుగే. రంగు నాకు పనికొచ్చింది అక్కడే. పెట్టె మూత తీయగానే ఆ సిలిండర్ మెరుపు కనిపిస్తే చెయ్యి దానంతట అదే వెళ్తుంది. ఒంట్లో ఓపిక లేని రోజుల్లో కూడా, ఒక్క పది నిమిషాలు పట్టుకుందాం అనిపించి తీసినవి ఎన్నో ఉన్నాయి. నల్లది కొని ఉంటే ఇన్ని సాయంత్రాలు మేడెక్కేదాన్ని కాదని గట్టిగా నమ్ముతున్నాను. ఇష్టమైన చీర కట్టుకున్న రోజు క్లాసులో నా గొంతే వేరుగా ఉంటుంది. ఇదీ అలాంటిదే.

ఇక కోచ్ గారి మాటలో నిజమైన సగం. గన్‌లో కంటికి ఎదురుగా వచ్చే భాగాలు రెండే, వెనక సైటు, ముందు సైటు. ఆ రెండూ మెరుపు లేని మాట్ నలుపులో ఉండి తీరాలి. టార్గెట్‌లో నల్లటి భాగం వెడల్పు 59.5 మి.మీ., అందులో పది పాయింట్లిచ్చే పది రింగు 11.5 మి.మీ. పది మీటర్ల నుంచి ఆ పది రింగు కంటికి ఆనదు. కనిపించేది నల్లటి గుండ్రం, దాని కింద సన్నటి తెల్ల గీత, ఆ కింద పదునుగా ముందు సైటు అంచు. ఆ అంచు మీద ఎక్కడైనా మెరుపు ఉంటే కన్ను మోసపోతుంది. నా పిస్టల్ ముందు సైటుకి నాలుగో ఏట ఒక మూల నలుపు చెరిగి చుక్కంత లోహం బయటపడింది. సాయంత్రం పడమటి ఎండ పడినప్పుడు ఆ చుక్క మెరిసేది. నెల రోజుల పాటు నా గుళ్లు ఒక పక్కకే పోయాయి. మణికట్టు తప్పేమో, ఊపిరి తప్పేమో అని తెగ టెన్షన్ పడ్డాను. చివరికి కారణం తెలిశాక పాతకాలం షూటర్లు చేసే పనే చేశాను. సైటు ముక్కని స్క్రూ తీసి గన్ నుంచి వేరు చేసి, పట్టకారుతో పట్టుకుని, హారతి కర్పూరం వెలిగించి ఆ పొగలో పెట్టాను. కాటుకలా మెత్తటి మసి పట్టింది. అంత నలుపు ఏ పెయింటూ ఇవ్వలేదు. వేలు తగిలితే చెరిగిపోతుంది కాబట్టి మ్యాచ్‌కి ముందు ప్రతిసారీ మళ్లీ పట్టిస్తాను. గన్ దగ్గర మాత్రం మంట పెట్టకండి, ముక్క విడదీశాకే.

రంగు ఎలా నిలిచిందో చెప్పాలి. అల్యూమినియం మీద వేసే ఈ రంగుని ఎనోడైజింగ్ అంటారు. ఇది పైన పూసిన పెయింట్ కాదు. లోహం పైపొరనే ఆక్సైడ్‌గా మార్చి, దాని సన్నటి రంధ్రాల్లోకి రంగు ఇంకించి మూసేస్తారు. అందుకే ఎనిమిదేళ్లలో ఎక్కడా పెచ్చు లేవలేదు. పెట్టెలో పెట్టి తీసి, పెట్టి తీసి, రెండు సన్న గీతలు మాత్రం పడ్డాయి. కానీ ఎండకి వెలుస్తుంది. మొదటి రెండేళ్లూ కిటికీ పక్క స్టాండు మీద పెట్టి, అందం చూసుకుంటూ ప్రాక్టీస్ మధ్యలో అలాగే వదిలేసేదాన్ని. ఇప్పుడు సిలిండర్‌ని తిప్పి చూస్తే ఒక పక్క నెమలికంఠం, రెండో పక్క ఉతికి ఉతికి వెలిసిన నీలం. మన వైపు ఉప్పుగాలికీ చేతి చెమటకీ అల్యూమినియం చెక్కుచెదరలేదు. తుప్పు పట్టినవన్నీ చిన్న చిన్న ఉక్కు స్క్రూలే. వారానికి ఒకసారి నూనె గుడ్డతో వాటిని తుడవడం అలవాటు చేసుకుంటే చాలు. వానాకాలంలో చేతిపంపుతో గాలి నింపేటప్పుడు తేమ లోపలికి పోతుంది, ఫిల్టర్ లేకుండా నింపకండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. సిలిండర్‌కి బయట రంగు వేయించకండి. మా దగ్గర నేర్చుకునే ఒక అబ్బాయి నా పిస్టల్ చూసి ముచ్చటపడి, తన వెండి రంగు సిలిండర్‌ని బైకు చక్రాలకి పౌడర్ కోటింగ్ వేసే షాపులో ఇచ్చేద్దామనుకున్నాడు. అక్కడ ఆ రంగుని ఓవెన్‌లో 180, 200 డిగ్రీల వేడి మీద కాలుస్తారు. 200 బార్ల ఒత్తిడిలో ఉన్న గాలిని మోయాల్సిన అల్యూమినియం ఆ వేడికి బలం కోల్పోతుంది. చేతికీ ముఖానికీ జానెడు దూరంలో ఉండే సిలిండర్ అది. రంగుది కావాలంటే తయారైనప్పుడే రంగు వేసినది కొనాలి, లేదంటే ఉన్నదానితో సర్దుకోవాలి. అబ్బాయి విన్నాడు. గ్రిప్పుకి ఎర్ర రంగు వేసుకుని తృప్తిపడ్డాడు.

గ్రిప్పు విషయంలో నా కథ వేరు. వంకాయ రంగు గ్రిప్పు చూడ్డానికి ఎంత బాగున్నా అది పాత యజమాని చేతి కొలతది. నా అరచెయ్యి చిన్నది. ఆకురాయితో అరగదీసి, ఖాళీ ఉన్నచోట చెక్క పుట్టీ పెట్టి, మళ్లీ అరగదీసి నాలుగేళ్లు లాక్కొచ్చాను. అరగదీసినకొద్దీ రంగు పొరలు కొండల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ మ్యాపులా బయటపడేవి. అది అందంగానే ఉండేది. మధ్యలో పుట్టీ మచ్చలు మాత్రం మాసిన గోడలా ఉండేవి. 2021లో మా తోటికోడలు పుట్టింటి పనిమీద బొబ్బిలి వెళ్తుంటే నేనూ బయల్దేరాను. అక్కడి గొల్లపల్లిలో వీణలు చెక్కే ఒక పెద్దాయన దగ్గరికి పాత గ్రిప్పు, నా చేతితో పిసికిన బంకమట్టి ముద్ద పట్టుకెళ్లాను. పనస మానుని ఒక్క ముక్కగా తొలిచి ఏకాండి వీణ చేసే చేతులవి. ఆయన ముద్దని తిప్పి తిప్పి చూసి, నా బొటనవేలు మొదట్లో గుంటని తన వేలితో తడిమి, "ఇది ఏటికమ్మా?" అన్నారు. చెప్పాను. రెండు వారాల తర్వాత రమ్మన్నారు.

తెచ్చుకున్న రోజు అది పచ్చటి పసుపు. నెమలికంఠం పక్కన పెట్టి చూస్తే పెళ్లికూతురి చీరలా ఉంది. ఇంకాస్త ముదురు రంగు పూయమంటారా అని అడిగితే, "మూడేళ్లు ఆగండి, పుయ్యక్కర్లేకుండా అదే వొస్తాది" అన్నారు ఆ పెద్దాయన. అన్నట్టే వచ్చింది. ఇప్పుడది ముదురు తేనె రంగు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆనేచోట ఇంకా ముదిరి, నున్నగా, పాత తలుపు గడియలా అయింది. దసరాకి ఆయుధపూజలో మా అత్తగారు పసుపు, కుంకుమ పెడతారు. ఆ పసుపు మరక ఒకటి గ్రిప్పు అడుగున అలాగే ఉండిపోయింది, తుడవలేదు. పోటీలో దీనికి ఎక్కడా అభ్యంతరం రాలేదు. అక్కడ తూకం చూస్తారు, కిలోన్నర దాటకూడదు. ట్రిగ్గర్‌కి 500 గ్రాముల బరువు తగిలించి చూస్తారు. 420, 200, 50 మి.మీ. కొలతల పెట్టెలో గన్ పడుతుందా అని చూస్తారు. రంగు ఊసెత్తరు.

పోటీ షూటింగ్‌లో తప్పనిసరి రంగు ఒకటుంది. బ్యారెల్ నిండా దూర్చి పెట్టే సేఫ్టీ ఫ్లాగ్. కళ్లు మిరుమిట్లు గొలిపే నారింజ రంగు తీగ. అది బయటకి కనిపిస్తోందంటే లోపల పెల్లెట్ లేదని దూరం నుంచే తెలుస్తుంది. దీని విలువ నాకు తెలిసిన రోజు గురించి రాయకపోతే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు.

2019 సంక్రాంతి సెలవులు. శ్రీకాకుళం నుంచి మా అప్ప, పిల్లలు వచ్చారు. వరండాలో పెట్టె తెరిచి ఉంది. కింద గ్యాస్ బండ వచ్చిందని పిలిస్తే దిగాను. మూడు నిమిషాలు పట్టి ఉంటుందేమో. పైకి వచ్చేసరికి నాలుగేళ్ల మా గుంటడు రెండు చేతులతో పిస్టల్ పట్టుకుని వాళ్ల అక్క ముఖానికి గురిపెట్టి, "ఠా" అంటున్నాడు. ఆ పిల్ల నవ్వుతోంది. గన్ ఖాళీ. ఫ్లాగ్ బ్యారెల్‌లోనే ఉంది. అయినా నా కాళ్లలో సత్తువ పోయింది. మెల్లగా తీసుకున్నాక వాడు అన్న మాట ఇది: "పిన్నీ, ఇది నా రీలు తుపాకీ కన్నా బాగుంది. నాకు ఇచ్చెయ్యవా?" దీపావళికి కొన్న రీలు తుపాకీ వెండి రంగు, నీలం పిడి. వాడి తప్పేముంది? రంగు చూసి బొమ్మ అనుకున్నాడు. నల్లటి గన్ అయితే కొంచెమైనా జంకేవాడేమో.

అమెరికాలో బొమ్మ తుపాకీ మూతికి నారింజ రంగు ఉండాలని చట్టమే ఉంది, అసలుదానికీ బొమ్మకీ తేడా తెలియడానికి. అదే దేశంలో అసలు తుపాకుల మీద సెరాకోట్ అనే సిరామిక్ పూత వేయించి గులాబీ, ఊదా, ఆకాశనీలం రంగుల్లో అమ్ముతారు. న్యూయార్క్ నగరం రంగు తుపాకుల్ని నిషేధించింది. పోలీసు ఎదుట నిలబడినవాడి చేతిలో ఉన్నది బొమ్మో కాదో రంగుని బట్టి తేల్చలేకపోతే ప్రాణాలు పోతాయి. నా చేతిలోది పోటీ కోసం, ఎయిర్ పిస్టల్. అయినా దగ్గర నుంచి కంటికి తగిలితే కన్ను పోతుంది. ఆ సంక్రాంతి తర్వాత పెట్టెకి రెండు తాళాలు, పెల్లెట్లు వేరే బీరువాలో. గన్ చేతిలో లేకపోతే తాళంలో ఉంటుంది, మధ్యలో ఇంకో చోటు లేదు. రంగు గన్ కొనే ప్రతి ఒక్కరికీ ముందు నేను అడిగే ప్రశ్న ఇంట్లో పిల్లలున్నారా అనే.

పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక మా వైపు కూడా పిల్లలు గన్ గురించి అడగడం మొదలుపెట్టారు. ఎక్కువమంది అడిగేది "ఏ రంగులో దొరుకుతుంది" అనే. పెద్దవాళ్లు దానికి కసురుతారు. నేను కసరను. అదే పారిస్‌లో టర్కీకి చెందిన యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లజోడుతో, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని వచ్చి మిక్స్‌డ్ టీమ్‌లో రజతం గెలిచాడు. కొరియా అమ్మాయి కిమ్ యేజి కంటికి ప్రత్యేకమైన అద్దాలు, నడుముకి ఏనుగు బొమ్మ వేలాడదీసుకుని వచ్చి తనూ రజతం గెలిచింది. ఇద్దరిలో ఎవరిది సరైన అభిరుచి అని ఎలా చెప్తాం? పైడితల్లమ్మ సిరిమానోత్సవంలో బెలూన్లు కొట్టే స్టాళ్లలో చిన్నప్పుడు నేను ఎర్ర పిడి ఉన్న గన్ ఖాళీ అయ్యేదాకా వరసలో నిలబడేదాన్ని. పక్కనే ఇంకో గన్ ఖాళీగా ఉన్నా సరే. ఆ ఇష్టమే నన్ను నలభై ఏళ్లు దాటాక కూడా రోజూ మేడెక్కిస్తోంది.

సిలిండర్ మీద 2016 అని తయారీ ఏడాది కొట్టి ఉంది. దీనికి కంపెనీ ఇచ్చిన గడువు పదేళ్లు, అది దాటాక వాడకూడదు, పోటీకీ అనుమతించరు. కొత్తదాని కోసం హైదరాబాద్‌లో ఒక డీలర్‌కి ఫోన్ చేశాను. వెండి రంగుది వెంటనే పంపిస్తానన్నాడు. నెమలికంఠం కావాలంటే మూడు నెలలు పడుతుందట. ఆగుతానని చెప్పాను.