డాన్ లోయలో ఇటుకల బట్టీ పార్కు: పై నుంచి నడిచి దిగవలసిన చోటు

టొరంటోను మ్యాపులో చూస్తే అడ్డంగా, నిలువుగా గీతలు గీసినట్టున్న వీధులే కనిపిస్తాయి. ఆ గీతలను తెంపుకుంటూ నగరమంతటా లోతైన వాగు లోయలు సాగుతున్నాయన్న సంగతి ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న మనవాళ్లలో కూడా చాలామంది పట్టించుకోరు. ఇక్కడివారు ర్యావీన్లు అని పిలిచే ఈ లోయలు నగర విస్తీర్ణంలో దాదాపు 17 శాతం దాకా ఉంటాయి. సుమారు 12,000 ఏళ్ల క్రితం, మంచుయుగం ముగిసి హిమానీనదాలు వెనక్కి తగ్గిన తర్వాత, నీళ్లు వదులు మట్టిని కోసుకుంటూ పోగా ఏర్పడిన పల్లాలివి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు నయాగరా, సీఎన్ టవర్ చూపించాక ఇంకెక్కడికి తీసుకువెళ్లాలని అడిగేవారికి నేను డాన్ వ్యాలీ బ్రిక్ వర్క్స్ పార్కు పేరు చెబుతాను. కారులో నేరుగా వెళ్లి దాని ముందు దిగవద్దని, పైనున్న మూర్ పార్క్ ర్యావీన్ గుండా నడిచి చేరుకోమని కూడా చెబుతాను. నేరుగా వెళ్తే అది చెరువులున్న ఒక పార్కుగానే కనిపిస్తుంది. నడిచి దిగితే ఈ నగరం దేనితో తయారైందో, తయారవుతూ దేన్ని పోగొట్టుకుందో వరుసగా తెలిసివస్తుంది.

డేవిస్‌విల్ సబ్‌వే స్టేషన్‌లో దిగి, 1876లో తెరిచిన మౌంట్ ప్లెజెంట్ శ్మశానవాటిక మీదుగా తూర్పు వైపు నడిస్తే మూర్ అవెన్యూ వస్తుంది. శ్మశానం గుండా నడవడం మన పెద్దవాళ్లకు ఎబ్బెట్టుగా అనిపించవచ్చు గానీ, చెట్ల వైవిధ్యానికి పేరుపడ్డ తోట ఇది, రోజూ ఎందరో వ్యాయామానికి వచ్చే చోటు. ఇన్సులిన్ కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ సమాధి ఇక్కడే ఉంది. చక్కెర వ్యాధి లేని ఇల్లు అరుదైపోయిన మనవాళ్లు అక్కడ ఒక్క నిమిషం ఆగడం సముచితమేనని నా అభిప్రాయం.

మూర్ అవెన్యూ దాటగానే లోయలోకి దిగే బాట మొదలవుతుంది. ఇక్కడి నుంచి బ్రిక్ వర్క్స్ దాకా సుమారు రెండు కిలోమీటర్ల దూరం. ఈ బాట ఒకప్పటి రైలు దారి. నగరం చుట్టూ ప్రయాణికులను తిప్పాలని వేసిన బెల్ట్ లైన్ రైలు 1892లో మొదలై, జనం సరిగా ఎక్కక 1894లోనే ఆగిపోయింది. రైలు నడిచేందుకు చదును చేసిన దారి కాబట్టే దీని వాలు ఎక్కడా నిటారుగా ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవారు కూడా నింపాదిగా దిగవచ్చు, పసిపిల్లల బండిని తోసుకుంటూ వెళ్లవచ్చు. వేసవి మధ్యాహ్నం రోడ్డు మీది ఎండ నుంచి ఈ నీడలోకి దిగినప్పుడు చల్లదనం ముందు చెంపలకు తెలుస్తుంది. ఆ తర్వాతే పక్కన పారుతున్న మడ్ క్రీక్ అనే చిన్న వాగు చప్పుడు చెవిన పడుతుంది. తలెత్తితే గట్టు మీద ఖరీదైన ఇళ్ల వెనుక భాగాలు చెట్ల సందుల్లో అక్కడక్కడా కనబడుతుంటాయి.

దారి పొడవునా పచ్చదనమే అయినా, ఆ పచ్చదనమంతా మేలైనది కాదని గమనించేవారికి ఈ నడక మరింత విలువైనది. నీడనిచ్చే చెట్లలో చాలా భాగం నార్వే మేపుల్. యూరప్ నుంచి తెచ్చి వీధుల వెంట నాటిన ఈ చెట్ల గింజలు గాలికి లోయల్లో పడి, స్థానికమైన ఓక్, షుగర్ మేపుల్ చెట్ల చోటును ఆక్రమించాయి. దీని నీడ ఎంత దట్టమంటే కింద లేత మొక్కలు నిలవవు. వేళ్లు పట్టి ఉంచే చిన్న మొక్కలు లేనందువల్ల వర్షానికి వాలు మీది మట్టి కొట్టుకుపోతుంది. అలా బోడిగా మిగిలిన వాలు ఒకటి చూస్తే, పక్కనే రకరకాల పొదలతో నిండిన వాలుకూ దానికీ తేడా చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. ఎండ తగిలే అంచుల్లో డాగ్ స్ట్రాంగ్లింగ్ వైన్ అనే తీగ అల్లుకుని ఉంటుంది. ఇది మన జిల్లేడు కుటుంబానికి చెందిన మొక్క. కాయ పగిలితే జిల్లేడు దూది లాగే గింజలు గాలిలో తేలిపోతాయి. మోనార్క్ సీతాకోకచిలుకలు తమ పిల్లలు తినే పాలమొక్క అనుకుని దీని మీద గుడ్లు పెడితే, పొదిగిన గొంగళిపురుగులు బతకవు. ఇంత తెలిశాక ఆ తీగను మామూలు పచ్చిక లాగా చూడటం సాధ్యం కాదు. బాట దిగి అడ్డదారుల్లో నడవవద్దని బోర్డులు పదే పదే చెప్పడానికి కూడా ఇదొక కారణం, ఎందుకంటే ఈ గింజలు బూట్లకు అంటుకుని కొత్త చోట్లకు చేరతాయి.

లోయ వెడల్పయ్యేచోట చెట్లు పక్కకు తప్పుకుని, ఒక్కసారిగా ఆకాశం తెరుచుకుంటుంది. ఎదురుగా ఒకప్పటి మట్టి గొయ్యి, అందులో ఇప్పుడు చెరువులు. చెక్క వంతెన మీద నిలబడి నీటి అంచున జమ్మును కాసేపు కదలకుండా చూడండి. రెక్క మొదట్లో ఎర్రటి మచ్చ ఉన్న నల్లపిట్ట ఒకటి జమ్ము కంకి పట్టుకుని ఊగుతూ, భుజాలు పొంగించి ఆ ఎరుపును చూపిస్తూ అరుస్తుంది. మే, జూన్ నెలల్లో గూటి దగ్గరికి ఎవరైనా వస్తే మనుషుల తలల మీదికి కూడా దూసుకొస్తుంది, అప్పుడు తల దించుకుని పక్కకు తప్పుకోవడమే మర్యాద. నీటిలో పడి ఉన్న దుంగ మీద తాబేళ్లు మెడలు చాచి, వెనక కాళ్లు గాలిలోకి చాపి ఎండ కాగుతుంటాయి. వాటిలో మెడ మీద పసుపు గీతలున్న పెయింటెడ్ తాబేళ్లు ఇక్కడివే. చెవి దగ్గర ఎర్రటి పట్టీ ఉన్నవి మాత్రం ఎవరో ఇళ్లలో పెంచి, పెద్దవయ్యాక తెచ్చి వదిలేసినవి. పెంపుడు జంతువులను చెరువులో వదలవద్దని వేడుకోవలసి రావడం బాధాకరం. ఓపిక ఉంటే పొడుగు కాళ్ల నీలి కొంగ కూడా కనబడుతుంది. అది కదలడానికి ముందు మనమే విసుగెత్తి కదిలిపోతాం.

ఈ గొయ్యి కథ 1889లో టేలర్ సోదరులు ఇటుకల కర్మాగారం పెట్టడంతో మొదలవుతుంది. ఇక్కడి బంకమట్టి, దాని కింది షేల్ రాయి ఇటుకలకు చక్కగా సరిపోయాయి. దాదాపు వందేళ్ల పాటు ఇక్కడ తవ్వి కాల్చిన ఇటుకలతోనే కాసా లోమా, మ్యాసీ హాల్ వంటి భవనాలు లేచాయి. కర్మాగారం మూతపడ్డాక ఈ స్థలంలో ఇళ్లు కట్టాలన్న ప్రయత్నం జరిగినా, ప్రభుత్వ సంస్థలు భూమిని స్వాధీనం చేసుకుని దాన్ని ఆపాయి. ఆ తర్వాత గొయ్యిని పూడ్చడానికి నగరం నడిబొడ్డున స్కోషియా ప్లాజా పునాదుల కోసం తవ్వితీసిన మట్టిని వాడారు. లోయ మట్టి భవనాలుగా పైకి వెళ్లింది, ఒక భవనం కింది మట్టి లోయకు తిరిగి వచ్చింది. పిల్లలను తీసుకువెళ్లేవారు చెరువు గట్టు మీద నిలబెట్టి ఈ ఒక్క విషయం చెప్పినా చాలు, తిరుగు ప్రయాణంలో ప్రతి ఇటుక గోడనూ చూపించి ఇది అక్కడిదేనా అని అడుగుతారు.

గొయ్యికి ఉత్తరాన నిటారుగా నిలిచిన గోడను తప్పకుండా చూడాలి. తవ్వకాల వల్ల బయటపడిన ఈ మట్టి పొరలను 1890ల నుంచి ఏ.పి. కోల్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త అధ్యయనం చేశాడు. మంచుయుగం ఒక్కటే కాదని, మధ్యలో మంచు కరిగి వెచ్చని కాలాలు కూడా వచ్చాయని చెప్పడానికి ఈ గోడ ప్రపంచ ప్రసిద్ధమైన సాక్ష్యంగా నిలిచింది. అడుగున సుమారు 45 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు రాయి. దానికి పైన హిమానీనదం వదిలిన రాళ్ల మట్టి. ఆ పైన సుమారు 1,20,000 ఏళ్ల క్రితం, టొరంటో ఇప్పటికంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉన్నప్పటి ఇసుక, ఒండ్రు. ఆ పొరలో భారీకాయమైన బీవర్ అవశేషాలు, ఇప్పుడు మరింత దక్షిణాన పెరిగే చెట్ల ఆకుల గుర్తులు దొరికాయి. వాటిలో పాపా చెట్టు ఒకటి, అది మన సీతాఫలం కుటుంబంలోనిది. శీతాకాలంలో ఈ గోడ ముందు మంచులో నిలబడి, ఒకప్పుడు ఇక్కడ సీతాఫలానికి చుట్టమైన చెట్టు ఉండేదని తలుచుకోవడం నాకు ఎంతో ఇష్టం. ఒక లోపం మాత్రం చెప్పాలి. ఇప్పుడు గోడను చాలావరకు మొక్కలు కమ్మేశాయి. పొరలు స్పష్టంగా కనిపిస్తాయని ఆశించి వెళ్లేవారు నిరాశపడతారు, బోర్డు మీది బొమ్మను చదివి గోడ మీద ఊహించుకోవలసిందే.

పాత కర్మాగారపు షెడ్లను ఎవర్‌గ్రీన్ అనే స్వచ్ఛంద సంస్థ బాగుచేసి 2010లో ప్రజలకు తెరిచింది. ఇటుకలు కాల్చిన పొడవాటి బట్టీలను కూల్చకుండా ఉంచడం మంచి నిర్ణయం. శనివారాల్లో రైతు బజారు నడుస్తుంది, ఆ రోజు జనం ఎక్కువ. చెరువుల దగ్గర నెమ్మదిగా గడపాలనుకునేవారు వేరే రోజు ఎంచుకోవడం మేలు.

ఇక శబ్దం సంగతి. ఇక్కడ నిశ్శబ్దం ఉండదు. పక్కనే బేవ్యూ అవెన్యూ, దాని అవతల రైలు పట్టాలు, డాన్ నదికి ఆవలి వైపు 1960లలో పూర్తయిన డాన్ వ్యాలీ పార్క్‌వే రహదారి. జమ్ములో పిట్ట కూత వెనుక వాహనాల హోరు ఎడతెగకుండా వినిపిస్తూనే ఉంటుంది. అడవిలోని ప్రశాంతత కోసమే వచ్చేవారికి నేను ఈ చోటును సిఫారసు చేయను, వారు నగరం వెలుపలికి వెళ్లడం మంచిది. అయితే ఈ లోయ ఖాళీగా ఎందుకు మిగిలిందో తెలుసుకుంటే ఆ హోరును భరించే ఓపిక వస్తుంది. 1954 అక్టోబరులో హరికేన్ హేజల్ వచ్చినప్పుడు ఆంటారియోలో 81 మంది చనిపోయారు. హంబర్ నది ఒడ్డున రేమోర్ డ్రైవ్ అనే ఒక్క వీధిలోనే 35 మంది కొట్టుకుపోయారు. వరద పారే పల్లాల్లో ఇళ్లు కట్టనివ్వకూడదన్న నియమం, ఆ భూములను ప్రజల కోసం సేకరించడం ఆ విషాదం తర్వాతే గట్టిపడ్డాయి. మనం నడుస్తున్న ఈ పచ్చదనానికి పునాది ఆ చావులే అని మరచిపోకూడదు. నీరు ఇప్పటికీ తన దారిని వదులుకోలేదు. 2013 జూలై 8న కురిసిన కుండపోతకు డాన్ పొంగి, ఇదే లోయలో ఒక రైలు సుమారు 1,400 మంది ప్రయాణికులతో నీటిలో చిక్కుకుపోతే పడవల మీద వారిని బయటికి తీసుకురావలసి వచ్చింది.

నది విషయంలో కూడా ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు. 38 కిలోమీటర్ల పొడవున్న డాన్ ఎంతగా కలుషితమైందంటే 1969లో పొల్యూషన్ ప్రోబ్ అనే విద్యార్థుల బృందం దానికి బహిరంగంగా అంత్యక్రియలు జరిపింది. అప్పటితో పోలిస్తే ఎంతో మెరుగుపడి, శరదృతువులో సాల్మన్ చేపలు ఎదురీదే స్థితికి వచ్చింది. కానీ నగరంలోని పాత ప్రాంతాల్లో వాననీరు, మురుగునీరు ఒకే గొట్టంలో పోతాయి కాబట్టి, పెద్ద వాన కురిస్తే ఆ మురుగు కొంత నదిలోకే పొంగుతుంది. దీన్ని ఆపడానికి నగరపాలక సంస్థ మొత్తం 22 కిలోమీటర్ల సొరంగాల పథకం చేపట్టింది. అది పూర్తయ్యేదాకా వాన వెలిసిన మర్నాడు నది ఒడ్డుకు వెళ్లకపోవడం, పిల్లలను నీటిలో చేతులు పెట్టనివ్వకపోవడం అవసరం.

శక్తి మిగిలి ఉంటే చెరువుల పక్క నుంచి గవర్నర్స్ బ్రిడ్జ్ లుకౌట్‌కు ఎక్కండి. ఈ ఎక్కుడు కాస్త నిటారుగా ఉంటుంది, పెద్దవాళ్లు కింద బల్ల మీద కూర్చోవచ్చు. పై నుంచి చూస్తే కాళ్ల దగ్గర చెరువులు, వాటి వెనుక బట్టీ పొగగొట్టం, దూరాన నగర భవనాలు, 553 మీటర్ల సీఎన్ టవర్ ఒకే చూపులో ఇముడుతాయి. అక్టోబరు మధ్యలో, ఆకులు రంగు తిరిగినప్పుడు, దీనికి సాటి రాగల చోటు ఈ నగరంలో మరొకటి నేను చూడలేదు.

పార్కులోకి ప్రవేశ రుసుము లేదు. తిరిగి ఎక్కలేనివారు బస్సును వాడుకోవచ్చు, దాని వేళలు బయలుదేరే ముందే చూసుకోవాలి. బాట పక్కన మూడేసి ఆకుల గుత్తులతో పాయిజన్ ఐవీ ఉంటుంది, తాకితే బొబ్బలెక్కి రోజుల తరబడి దురద పెడుతుంది. వేసవిలో పొడవాటి ప్యాంటు వేసుకుని, ఇంటికి రాగానే పిల్లల కాళ్లు, మెడ వెనుక పురుగులేమైనా పట్టుకున్నాయేమో చూడాలి, ఎందుకంటే లైమ్ వ్యాధిని మోసే ఒక రకం పిడుదులు ఈ లోయల్లో కూడా ఉన్నాయి. చలికాలంలో లోయ బాటల మీద మంచు చాలా చోట్ల తీయరు. కరిగి మళ్లీ గడ్డకట్టిన రోజుల్లో మూర్ అవెన్యూ దగ్గరి వాలు గాజులా జారుతుంది కాబట్టి, బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు లేకుండా పెద్దవాళ్లను అటు తీసుకువెళ్లకండి.