అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన: కౌంటరు దగ్గర నిబంధన

ఉద్యోగం పోయిన ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చందాదారుకు సగటు రోజు వేతనంలో సగం చొప్పున, జీవితం మొత్తంలో గరిష్ఠంగా 90 రోజులకు భృతి ఇచ్చే పథకం ఇది. 2018లో మొదలైనప్పుడు ఇచ్చింది పావు వంతే, 2020లో సగానికి పెంచారు. నాకు అందింది. ఆ తర్వాత పని పోయిన తోటివాళ్ల దరఖాస్తులు నింపిపెట్టే బాధ్యత నా మీద పడింది కాబట్టి, ఈఎస్ఐ ఆఫీసులో ఒకే కౌంటరును ఏళ్ల తరబడి చూస్తున్నాను.

డబ్బు విషయంలో ఫిర్యాదు లేదు. మంజూరైతే నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. పేచీ అంతా మంజూరు దగ్గరే. రెండేళ్ల బీమా ఉద్యోగం, పని పోవడానికి ముందరి చందా కాలంలో (ఆరు నెలల లెక్క) కనీసం 78 రోజుల చందా వంటి లెక్కలు రికార్డులోనే ఉంటాయి, వాటి మీద వాదన రాదు. ఉద్యోగం ఎందుకు పోయిందన్న దగ్గరే పెత్తనమంతా గుమాస్తా చేతికి వస్తుంది. దుష్ప్రవర్తనకు శిక్షగా తొలగించినా, పదవీ విరమణ చేసినా భృతి రాదు. యాజమాన్యాలేమో తామే మనిషిని తీసేసి కూడా, ఆన్‌లైన్‌లో 'సర్వీసు వదిలారు' అని నొక్కి చేతులు దులుపుకుంటాయి. తెర మీద ఆ మాట కనబడగానే మా కౌంటరులో ఒకాయన "మీరే మానేశారుగా" అంటూ కాగితాలు వెనక్కి నెడతాడు. పక్క కుర్చీలో ఉండే ఆవిడ అవే కాగితాలు తీసుకుని, "తీసేసినట్టు లెటరేమైనా ఉందా? మెసేజ్ ఉన్నా జతచేయండి" అంటుంది. కంపెనీకి ఫోను చేసి కనుక్కుంటుంది కూడా. ఆవిడ సెలవులో ఉన్న రోజు నేను ఎవరినీ వెంట తీసుకెళ్లను.

ప్రమాణపత్రం (అఫిడవిట్) సంగతి మరీ విడ్డూరం. దరఖాస్తును ఆ రూపంలో ఇవ్వాలన్న షరతును 2020 నవంబరులోనే సడలించారు. అయినా స్టాంపు కాగితం మీద రాయించుకు రమ్మనడం చాలాకాలం ఆగలేదు. ఆ సడలింపు ప్రకటన ప్రతి చూపిస్తే, కాగితాలు వెనక్కి నెట్టే ఆయన ఓపికగా చదివాడు, మడిచి నాకే ఇచ్చాడు. "రేపు ఆడిటువాళ్లు అడిగితే జవాబు ఎవరు చెబుతారు?" అన్నాడు. నాకు కోపం వచ్చినా, అబద్ధం అనలేను. పొరపాటున మంజూరు చేస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి, పొరపాటున తిప్పి పంపితే అడిగే నాథుడు లేడు.

ఈ పథకానికి నేనిచ్చే మార్కులు ఐదుకు మూడు. తగ్గించిన రెండూ కౌంటరు ఖాతాలోవే. ఉద్యోగం పోయే సూచనలుంటే, హెచ్‌ఆర్ వాళ్లు ఏ కారణం నమోదు చేస్తున్నారో ముందే అడగండి, తొలగింపును రాతపూర్వకంగా తీసుకోండి. "రాజీనామా రాసిచ్చేయండి, లెక్క త్వరగా తేల్చేస్తాం" అని బుజ్జగిస్తారు. దాని మీద సంతకం పెట్టి వస్తే ఆవిడ కూడా చేయగలిగింది ఏమీ ఉండదు.