పాత అరబిక్ పత్రికల ఆన్‌లైన్ ఆర్కైవ్: సరుకు మంచిదే, వెతకడమే నరకం

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పాలస్తీనాలోని అరబిక్ పత్రికలు అక్కడి బ్రిటిష్ పాలనని ఎలా ఉతికి ఆరేశాయో చూడాలనుకుంటే ఈ సైట్ బాగా పనికొస్తుంది, పైగా ఉచితం. నేనైతే ఎక్కువగా 1911లో అక్కడి రేవు పట్టణం యాఫాలో మొదలైన ఫలస్తీన్ పత్రిక దగ్గరే ఉండిపోయాను. పాలస్తీనాలో యూదులకి జాతీయ నివాసం ఏర్పాటుకి మద్దతిస్తామని 1917లో ప్రకటించిన బ్రిటిష్ నాయకుడు బాల్ఫోర్ 1925లో అక్కడికి వస్తున్నాడని తెలిసి, ఆయనకే సూటిగా తగలాలని మార్చిలో ఏకంగా ఇంగ్లిష్‌లో సంచిక వేసి నిలదీశారు చూడండి, తెగువంటే అదీ. 1936 జూన్ కార్టూన్ అయితే ఇంకో మెట్టు పైన: సియోనిజం (పాలస్తీనాలో యూదులకి సొంత దేశం కావాలనే ఉద్యమం) అనే మొసలి నోరు తెరుచుకుని "భయపడకండి, ప్రశాంతంగా మింగేస్తాను" అంటోంది, దానికి అండగా బ్రిటిష్ అధికారి నిలబడి ఉన్నాడు. అరబిక్ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకి కూడా బొమ్మ చాలు.

ఇక సెర్చ్ సంగతి. అచ్చు మసకబారిన చోట అక్షరాల్ని తప్పుగా చదువుతుంది, పేరు టైప్ చేస్తే సంబంధం లేని ప్రకటనలొస్తాయి, చివరికి తేదీ పట్టుకుని ఒక్కో పేజీ తిప్పుకోవాల్సిందే. ఫోన్‌లో అయితే జూమ్ చేసేసరికి కాలమ్ ఎటో పోతుంది, ఆ ప్రయత్నమే వద్దు. నాకు చిరాకేసింది ఇంకొకటి: 1933 ప్రెస్ చట్టంతో ప్రభుత్వం పత్రికల్ని తాత్కాలికంగా మూయించేది కదా, మరి కొన్ని తేదీలు లేకపోతే అది నిషేధం వల్లా, కాపీ దొరక్కా అని ఒక్క ముక్కైనా రాయొద్దా? ఐదుకి మూడున్నర. ఆ అర కార్టూన్లకి.