బెంగళూరు చలికాలం, వారానికో డి విటమిన్ గోళీ: నా అనుభవం

నేను వాడుతున్నది కోలెకాల్సిఫెరాల్, అంటే డి3 రకం డి విటమిన్, 60,000 ఐయూ (విటమిన్ మోతాదు కొలిచే యూనిట్లు). వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆపైన నెలకొకటి వేసుకోమని డాక్టరు రాశారు. మొదటి రక్తపరీక్షలో డి విటమిన్ 11 (మిల్లీలీటరుకు నానోగ్రాములు) వచ్చింది. 20కి లోపు ఉంటే లోపం, 30 దాటితే సరిపడా ఉన్నట్టు అని రిపోర్టులోనే అచ్చేసి ఉంటుంది. కోర్సయ్యాక 34. ఇది మూడో చలికాలం.

ముందు పొడి ప్యాకెట్ వాడాను. తియ్యగా ఉంటుంది, పాలల్లో కలుపుకోవాలి. ఎంత తిప్పినా గ్లాసు అడుగున సన్నటి పొర మిగిలిపోతుంది, మళ్లీ కాసిని పాలు పోసి కడిగి తాగాలి. తర్వాత గోళీకి మారాను. తేనె రంగులో మెత్తగా ఉంటుంది, లోపల నూనె. మింగడం తేలిక. అయితే పైతొడుగు జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ అని తెలిసి మా అత్తయ్యగారు ముట్టుకోలేదు. పొడిలోని డి3 కూడా చాలావరకు గొర్రె ఉన్నిలోని కొవ్వు నుంచే తీస్తారని చెప్పాను. "ఉన్నే కదమ్మా, గొర్రెను చంపరుగా" అని ప్యాకెట్ చించుకున్నారు.

ఇది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి పొద్దున్నే ఉత్త కాఫీతో వేసుకోను. ఆదివారం మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు పులుసు తిన్నాక వేసుకుంటా. ఆదివారమని పెట్టుకుంటే మరిచిపోవడం కూడా తక్కువ.

గుణం సంగతి. నడుము నొప్పి బాగా తగ్గింది, మెట్లెక్కితే తొడలు లాగడం పోయింది. జుట్టు రాలడం మాత్రం ఆగలేదు. దాని కోసమే కొనేవాళ్లు ఆశ పెట్టుకోకండి.

గోళీ ఉంది కదా, ఎండ ఎందుకు అంటారేమో. అనంతపురం నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అదే పాట: "ఎండలో నిలబడవే, నల్లబడితే ఏం పోయింది?" ఆవిడ మాటే కరెక్టు. బెంగళూరు చలికాలంలో ఎండకు కొరత లేదు, ఎండలోకి వెళ్లే మనుషులకే కొరత. మనం ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం దగ్గర. డిసెంబరులో కూడా మిట్టమధ్యాహ్నం మన నీడ మనకంటే పొట్టిగానే పడుతుంది. అదే ఢిల్లీలో అయితే ఆ రోజుల్లో నీడ మనిషిని మించిపోతుంది. నీడ పొట్టిగా ఉన్నంతసేపూ చర్మంలో డి విటమిన్ తయారుచేసే యూవీ-బీ కిరణాలు బాగా అందుతాయి. డిసెంబరులో ఇక్కడ అది సుమారు పదిన్నర నుంచి రెండు దాకా. ఏడింటి నీరెండ ఒంటికి హాయే గానీ ఈ పనికి అంతగా అక్కరకు రాదు. బాల్కనీ అద్దాల తలుపు వెనక కూర్చున్నా లాభం లేదు, ఆ కిరణాలు అద్దం దాటవు. మన చామనఛాయకు తెల్లతోలు వాళ్లకంటే ఎక్కువసేపు పడుతుంది కూడా.

అందుకే వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో లంచ్ టైములో చేతులు మోచేతుల పైదాకా మడిచి టెర్రస్ మీద తిరుగుతా. బట్టలు ఆరేయడానికొచ్చిన పక్కింటాయన ఒకసారి "ఏంటండీ, కింద సిగ్నల్ లేదా?" అని అడిగారు.

ఒక్క విషయంలో జాగ్రత్త. మా వీధి మందుల షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చేస్తారు, పైగా కవరు మీద "రోజూ ఒకటి" అని రాసిచ్చారు! ఈ మోతాదు వారానికి. రోజూ మింగుతూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీల మీదకొస్తుంది. నీళ్లలో కరిగే విటమిన్‌లా ఎక్కువైంది మూత్రంలో పోదు, ఒంట్లోని కొవ్వులో దాక్కుంటుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

రేటింగ్ అడిగితే గోళీకి అయిదుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ నిజానికి గోళీ తప్పు కాదు, పరీక్షది: మొత్తం కోర్సుకయ్యే ఖర్చు కంటే ఒక్కసారి రక్తపరీక్షకే ఎక్కువ గుంజుతారు. నేనైతే కోర్సయ్యాక మూడు నెలలకోసారి చేయించుకుని, ఇప్పుడు ఏడాదికోసారి చలికాలం చివర్లో చేయిస్తున్నా.