భారతం వీడియోలకు ఏది మేలు: రీల్సా, యూట్యూబా, ఆర్కైవా?

చిత్తూరు చుట్టుపక్కల ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలైతే పద్దెనిమిది రోజులు ఊరి ధ్యాసంతా అక్కడే. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. ఇప్పుడు ఎవరో ఒకరు ఫోనుతో తీస్తూనే ఉన్నారు. తీసినదాన్ని ఎక్కడ పెట్టాలి?

చాలామంది రీల్స్‌లో పెడుతున్నారు. 2020 జూన్ చివరలో టిక్‌టాక్‌ను నిషేధించగానే జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోకి వచ్చాయి. అప్పటి నుంచి రెండూ పోటీపడుతున్నాయి. షార్ట్స్ 2024లో మూడు నిమిషాలకు పెరిగితే, రీల్స్ 2025లో అంతే పెరిగింది. ఆ మూడు నిమిషాల్లో అర్జునుడి వేషధారి తపస్సు మాను (తపస్సు ఘట్టానికి నిలిపే పొడవాటి స్తంభం) ఎక్కడం కనిపిస్తుంది, కానీ ఎక్కుతూ పాడే పద్యాలు పోతాయి. నాకు ఆ పద్యాలే భారతం. బెంగళూరులో ఉన్న మన ఊరివాళ్లకు జాతర కబురు చెప్పడానికి రీలు చాలు, నాటకాన్ని మోయడానికి చాలదు.

యూట్యూబ్‌లో ఫోను నంబరుతో ఖాతాను ధ్రువీకరించుకుంటే 12 గంటల వీడియో కూడా పెట్టవచ్చు. ఒక రాత్రి నాటకం యథాతథంగా పడుతుంది. ప్రకటనల్లో వాటాకు 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. షార్ట్స్ దారిలో అయితే గంటలకు బదులు 90 రోజుల్లో కోటి వీక్షణలు. ఆరు గంటల నాటకాన్ని 667 మంది పూర్తిగా చూస్తే ఆ 4,000 గంటలు నిండుతాయి! మన నాటకం నిడివే ఇక్కడ మనకు బలం. వాటా కూడా పెద్ద వీడియోకు 55 శాతం, షార్ట్స్‌కు 45. ఆ డబ్బులో నాటక బృందానికి ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోవాలి, రాత్రంతా గొంతు చించుకునేది వాళ్లు. ఒక జాగ్రత్త: విరామంలో మైకుసెట్టువాళ్లు సినిమా పాట వేస్తే, హక్కులున్న పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ యంత్రాంగం కంటెంట్ ఐడీ పసిగడుతుంది, వీడియో మొత్తం ఆదాయం పాట హక్కుదారులకు పోవచ్చు. ఆ ముక్క కోసేయండి.

చందా కట్టి చూసే ఆహా వంటివి సినిమాలకూ సిరీస్‌లకూ తగినవి. ఊరి నాటకానికి అక్కడ చోటు ఆశించలేం.

ఇక ఇంటర్నెట్ ఆర్కైవ్. 1996లో మొదలైన ఈ లాభాపేక్ష లేని ఆన్‌లైన్ గ్రంథాలయంలోనే మన పాత తెలుగు పుస్తకాలెన్నో దొరుకుతాయి. ప్రకటనలు లేవు, ఆదాయమూ లేదు, మీ వీడియోను నలుగురి ముందుకు తోసేవారూ లేరు. కానీ అసలు ఫైలును ఎవరైనా దించుకోవచ్చు. యూట్యూబ్ రేపు నిబంధన మార్చినా, ఖాతా పోయినా నాటకం పోదు.

అందుకే నా ఓటు యూట్యూబ్‌కే, అదీ ఆర్కైవ్‌లో మరో ప్రతి పెట్టిన తరువాతే. రెండుచోట్లా ఊరి పేరు, ఏ నిమిషానికి ఏ ఘట్టమో, అనుమతి తీసుకుని వేషధారుల పేర్లూ రాయండి. ఇన్నేళ్లూ ఆ పేర్లు కరపత్రంలో అచ్చయి, ఉత్సవం అయ్యాక దానితోనే పోయాయి.