ఇంటి దగ్గర తేనెటీగలు: నాటు ఈగా, ఇటాలియన్ ఈగా?

"పెరట్లో ఒకటి రెండు పెట్టెలు పెట్టుకోవాలనుంది, డబ్బులు ఎక్కువ లేవు, ఏ ఈగ మంచిది?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగాక వీడియోలో చూసిన లెక్క కూడా వాళ్లే చెబుతారు. ఇటాలియన్ ఈగ ఏడాదికి 30 కిలోల తేనె ఇస్తుందట, నాటుది ఆరేడు కిలోలు దాటదట, ఇంక ఆలోచించేదేముంది అని.

లెక్క అబద్ధం కాదు. కాకపోతే ఆ 30 కిలోలు ఒకేచోట ఉన్న పెట్టెవి కావు. పొద్దుతిరుగుడు పూసిన చోటికి, అది అయిపోగానే ఆవాలు పూసిన చోటికి, రాత్రిపూట బండికెత్తి పెట్టెలు తిప్పేవాళ్ల దిగుబడి అది. 1962లో ఇప్పటి హిమాచల్‌లోని కాంగ్రా ప్రాంతంలో, నగ్రోటా అనే ఊళ్లో ఈ ఈగ మన దేశంలో నిలదొక్కుకుంది. ఆ తర్వాత ఉత్తరాదిలో దాని మీద పెరిగిన వ్యాపారమంతా ఇలా తిప్పడం మీదే నడిచింది. మీ పెట్టె ఎక్కడికీ కదలదు కదా. కాబట్టి ఎండాకాలంలో ఎంత తేనె ఇస్తుందని కాదు, వానాకాలంలో ఏం తింటుందని అడగాలి.

నా మటుకు తేల్చేది ఇదొక్కటే. మన మైదానాల్లో చలికాలంలో ధనియాలు, ఆవాలు, తర్వాత వేప, కానుగ, చింత పూస్తాయి. అప్పుడు ఏ ఈగకైనా పండగే. జూలై వచ్చేసరికి పూత పలచబడుతుంది. ముసురు పడితే ఉన్న పూల దగ్గరికి కూడా పోలేవు. అప్పుడు చక్కెర, నీళ్లు సమానంగా కలిపి మనమే పెట్టాలి. నాటు పెట్టెకి వారానికి 200 గ్రాముల చక్కెర చాలు, అంటే మూడు నెలలకి రెండున్నర కిలోలు. ఇటాలియన్ గుంపు చాలా పెద్దది, దానికి ఇంతకు ఎన్నో రెట్లు కావాలి. పెట్టె ఒక్కసారే కొంటాం, చక్కెర మాత్రం ఏటా కొనాలి. పైగా నాటు ఈగ తెల్లారగానే పనిలోకి దిగి మునగ, కొబ్బరి, తులసి, కరివేపాకు లాంటి చిల్లర పూలన్నీ తిరిగి కొంత తన తిండి తనే వెతుక్కుంటుంది. ఇటాలియన్‌కి ఎకరాలకెకరాలు పూసిన చేలుంటేనే లాభం.

నాటు ఈగతో తలనొప్పులు లేవని కాదు. మొదటిది లేచిపోవడం. ఆకలేసినా, చీమలు పట్టినా, పట్టులోని మైనాన్ని తినే మైనపు పురుగు చేరినా, ఎండ నేరుగా కొట్టినా ఒకరోజు పొద్దున పెట్టె ఖాళీ. నీడలో పెట్టి, స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలుంచి, పాత మైనం ఎప్పటికప్పుడు తీసేస్తే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. రెండోది పిల్ల పురుగుల్ని చంపే థాయ్ శాక్‌బ్రూడ్ జబ్బు. 1990ల మొదట్లో దక్షిణాదిలో నాటు ఈగల పెట్టెలు లెక్కలేనన్ని పోయింది దాని వల్లే. దీనికి మందు లేదు, జబ్బు పడిన ఫ్రేము (పెట్టెలో ఈగలు పట్టు కట్టే చెక్క చట్రం) ఆరోగ్యంగా ఉన్న పెట్టెలో పెట్టకపోవడమే జాగ్రత్త. ఇటాలియన్ ఈగ అంత తేలిగ్గా లేచిపోదు, తీరు కూడా నెమ్మది. ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే దానికి ఈగల ఒంటిని పట్టుకునే వరోవా నల్లి పడుతుంది, దాన్ని ఎప్పుడూ ఓ కంట కనిపెట్టి మందు వాడుతుండాలి. అది మళ్లీ ఖర్చే.

ఇటాలియన్ పెట్టె ఒకటి కొనే డబ్బుతో చాలాచోట్ల నాటువి దాదాపు రెండు వస్తాయి. రెండు ఉండటం దర్జా కోసం కాదు. ఒకదాంట్లో రాణి చచ్చిపోతే రెండోదాంట్లోంచి గుడ్లున్న ఫ్రేము తీసి పెడితే ఈగలే కొత్త రాణిని తయారుచేసుకుంటాయి. ఒక్క పెట్టెతో ఆ దారి లేదు. కొనలేకపోతే గోడ తొర్రలోనో పుట్టలోనో ఉన్న గుంపుని తెలిసినవాళ్ల సాయంతో పట్టుకోవచ్చు. సాయంత్రం పూట పొగ పెట్టి, పిల్లలున్న పట్టుని కోసి అరటి నారతో ఫ్రేముకి కట్టి, రాణిని అందులో చేర్చాలి. కూలి ఈగలు దూరేంత, రాణి దూరలేనంత సందున్న రేకు కొన్నాళ్లు పెట్టె గుమ్మానికి బిగిస్తే గుంపు నిలబడుతుంది. పెట్టె మాత్రం నాటు ఈగ కొలతలకి చేసిన న్యూటన్ పెట్టె తీసుకోండి. పెద్ద పెట్టెలో పడేస్తే చిన్న గుంపు దాన్ని కాపాడుకోలేదు.

సామానుకి పెద్దగా పెట్టక్కర్లేదు. టోపీకి దోమతెర కుట్టుకుంటే ముసుగు, డబ్బాలో కొబ్బరి పీచు కాలిస్తే పొగ. పట్టు చెడకుండా తేనె తీసే మెషీన్ మాత్రం ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి. పట్టు పిండేస్తే మళ్లీ మైనం కట్టుకోవడానికే ఈగలు బోలెడు తేనె తినేస్తాయి.

కొండి లేని చిన్న ఈగలు ఫ్లాట్ బాల్కనీకి బాగుంటాయి, కుట్టవు, కానీ ఏడాదికి కిలో తేనె కూడా కష్టం. పెద్ద కొండ తేనెటీగ, పుల్లలకి పట్టు పెట్టే చిన్న ఈగ పెట్టెలో ఉండవు, వాటి మాట మర్చిపోండి.

చుట్టూ పత్తి, మిర్చి చేలుండి రోజూ మందు కొడుతుంటే ఏ ఈగా వద్దు. అది తప్పితే నవంబరు, డిసెంబరుల్లో మొదలుపెట్టండి, ముందంతా పూత కాలమే. జూన్‌లో ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి. హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్లకి రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ (ఎన్ఐఆర్‌డీ)లో శిక్షణ ఉంటుంది, పెట్టె కొనేముందు ఒకసారి కనుక్కోండి.